ఎగుమతి మొదలైతే జీతాలు పెరుగుతాయా, లేక బాగా జీతాలిచ్చే ఫ్యాక్టరీలే ఎగుమతి చేస్తాయా?

ప్రశ్న: పూతలపట్టు షిఫ్టు

నేను చిత్తూరుకు దగ్గర్లోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లుగా షిఫ్టు ఇన్‌చార్జిగా పనిచేస్తున్నాను. మొదటి అయిదేళ్లు మా సరుకంతా దేశంలోని శీతల పానీయాల కంపెనీలకే పోయేది. నాలుగేళ్లుగా మాత్రం సగానికి పైగా చెన్నై రేవు మీదుగా సౌదీకి, నెదర్లాండ్స్‌కు వెళుతోంది. ఈ మార్పును లోపలి నుంచి చూసిన నాకు ఒక సందేహం తీరడం లేదు.

ఎగుమతి మొదలైన తరువాత మా ల్యాబ్‌లో పనిచేసే ముగ్గురికి, బాయిలర్ ఆపరేటర్‌కు, ఫిట్టర్లకు జీతాలు చెప్పుకోదగినంతగా పెరిగాయి. కానీ బెల్టు దగ్గర ఎనిమిది గంటలు నిలబడి మచ్చ కాయను, పచ్చి కాయను, కుళ్లిన కాయను ఏరి పక్కన వేసే ఆడవాళ్ల రోజు కూలి మాత్రం పక్క ఫ్యాక్టరీలో ఎంతో మా దగ్గరా అంతే. ఆ పక్క ఫ్యాక్టరీ నుంచి ఒక్క డ్రమ్ము కూడా దేశం దాటదు. డాలరు 90 రూపాయలు దాటిందని టీవీలో చెప్పిన వారంలో బెల్టు మీద పనిచేసే ఒకామె, ‘సరుకు డాలర్లకు అమ్ముతారు కదా సార్, ఆ పెరిగింది మా దాకా ఎందుకు రాలేదు?’ అని నన్నే అడిగింది. నా దగ్గర జవాబు లేక, మేనేజర్‌ను అడుగుతానని తప్పించుకున్నాను.

ఇంట్లోనూ ఇదే చర్చ నడుస్తోంది. మా అక్క కూతురు ఇంటర్ పూర్తిచేసింది. డిగ్రీలో చేరకుండా శ్రీసిటీ పారిశ్రామికవాడ వైపు ఒక ఎగుమతి యూనిట్‌లో చేరతానంటోంది. ఎగుమతి కంపెనీ అంటే జీతం ఎక్కువ, ఉద్యోగం గట్టిది అని మా బావ వాదన. కాబట్టి అడుగుతున్నాను: ఎగుమతి చేసే ఫ్యాక్టరీలు నిజంగానే ఎక్కువ జీతం ఇస్తాయా? ఇస్తే అది ఎగుమతి వల్లనేనా? ఉద్యోగాల సంఖ్య సంగతి ఏమిటి?

జవాబు: అలిపిరి పాఠకుడు

మీ ప్రశ్నలోని రెండో భాగమే అసలు చిక్కు. నేను తిరుపతిలో అర్థశాస్త్రం చెబుతాను, తరగతిలో ఈ సంగతికి మన ఊరి ఉదాహరణే వాడతాను. అలిపిరి నుంచి 3,550 మెట్లను రెండు గంటల్లో ఎక్కి పైకి చేరినవాళ్లను వరుసలో నిలబెట్టి పరీక్షిస్తే, మిగతా జనం కన్నా వాళ్ల గుండె, కాళ్లు, ఊపిరితిత్తులు బాగున్నాయనే తేలుతుంది. అంతమాత్రాన ఆ ఒక్క నడకే వాళ్లను అలా చేసిందని చెప్పలేము. కాళ్లు బాగున్నవాళ్లే మెట్లదారి పట్టారు, తక్కినవాళ్లు బస్సెక్కారు.

ఎగుమతి ఫ్యాక్టరీల విషయంలోనూ మొదట తేలింది ఇదే. ఆండ్రూ బెర్నార్డ్, బ్రాడ్‌ఫర్డ్ జెన్‌సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలోని కర్మాగారాల 1976–87 లెక్కలను ఒక్కో కర్మాగారం స్థాయిలో పరిశీలించి, ఎగుమతి చేసేవి పెద్దవిగా ఉంటాయని, ఎక్కువ మందికి పని ఇస్తాయని, వేతనాలూ ఎక్కువ ఇస్తాయని 1995లో చూపించారు. తరువాత వాళ్లే, ఈ మంచి లక్షణాలు ఎగుమతికి ముందు నుంచే ఉన్నాయా, తరువాత వచ్చాయా అని కాలక్రమంలో చూస్తే, చాలావరకు ముందు నుంచే ఉన్నాయని తేలింది. ఎగుమతి మొదలైన తరువాత ఆ ఫ్యాక్టరీలు మూతపడకుండా నిలిచే అవకాశమూ, ఉద్యోగాల సంఖ్య పెరిగే వేగమూ స్పష్టంగా మెరుగ్గా ఉన్నాయి కానీ, వేతనాలు పెరిగే వేగంలో అంత స్పష్టమైన తేడా కనబడలేదు. మీ బావగారు ‘ఉద్యోగం గట్టిది’ అన్నదానికి ఇక్కడ కొంత ఆధారం ఉంది, ‘జీతం ఎక్కువ’ అన్నదానికి ఆయన అనుకున్నంత లేదు.

ఆ తేడా ఎంతో కూడా చూడండి. 2002 లెక్కల ప్రకారం అమెరికా తయారీ సంస్థల్లో ఎగుమతి చేసేవి 18 శాతమే. వాటిలో సగటు వేతనం మిగతావాటి కన్నా దాదాపు 17 శాతం ఎక్కువ. అయితే ఒకే పరిశ్రమలోని సంస్థలను పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడు, అంటే గుజ్జు ఫ్యాక్టరీని మందుల ఫ్యాక్టరీతో కాక మరో గుజ్జు ఫ్యాక్టరీతోనే పోల్చినట్లన్నమాట, ఆ తేడా సుమారు 6 శాతానికి పడిపోయింది. జర్మనీలో పరిశోధకులు ఇంకో అడుగు వేసి, ఫ్యాక్టరీలను మాత్రమే కాక అందులోని మనుషులను కూడా, అదే చదువు, అదే అనుభవం ఉన్నవాళ్లను పోల్చారు. అప్పుడు తేడా మరింత కుంచించుకుపోయింది, పూర్తిగా మాత్రం పోలేదు.

అలాగని ఎగుమతి ప్రభావమే లేదనడం తొందరపాటు. మెక్సికోలో 1994 డిసెంబరులో వాళ్ల కరెన్సీ పెసో ఒక్కసారిగా పడిపోయి, ఎగుమతి అనుకోకుండా లాభసాటి అయింది. అంతకుముందే సమర్థంగా ఉన్న కర్మాగారాలు ఆ అవకాశాన్ని అందుకుని, సరుకు నాణ్యత పెంచి, ఐఎస్‌ఓ 9000 అనే నాణ్యతా ధ్రువపత్రాలు తెచ్చుకుని, వేతనాలు కూడా మిగతావాటి కన్నా ఎక్కువ పెంచాయి. ఆ పెరుగుదలలో ఆఫీసు ఉద్యోగులకు దక్కిన వాటా యంత్రాల దగ్గర పనిచేసే కార్మికుల వాటా కన్నా పెద్దది. మీ ల్యాబ్‌కూ బెల్టుకూ మధ్య మీరు చూసిన తేడా ఈ కోవలోనిదే. ఎగుమతి తెచ్చిన డబ్బు, నాణ్యత ఎవరి చేతిలో తేలుతుందని యజమాని అనుకుంటాడో ఆ చేతికే ముందు చేరుతుంది.

జవాబు: సత్యవేడు జీతాల లెక్క

పాఠకుడు గారు దేశాల లెక్కలు చెప్పారు. నేను జీతం చీటీ గురించి చెబుతాను, ఎందుకంటే నెల నెలా ఆ చీటీలు తయారుచేయడమే నా పని.

‘ఎగుమతి కంపెనీలో జీతం ఎక్కువ’ అనే మాట వినగానే ముందు అడగవలసింది, ఎవరి రోల్స్ మీద, అంటే ఎవరి ఉద్యోగుల జాబితాలో అని. ఒకే షెడ్డులో, ఒకే యూనిఫారంలో, ఒకే లైను మీద పనిచేసే ఇద్దరిలో ఒకరు కంపెనీ రోల్స్ మీద, మరొకరు కాంట్రాక్టరు రోల్స్ మీద ఉంటారు. దేశవ్యాప్తంగా పరిశ్రమల వార్షిక సర్వేలో ఫ్యాక్టరీ కార్మికుల్లో దాదాపు 40 శాతం మంది కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్లే. విదేశీ ఆర్డరు ఈ నెల ఎక్కువ, వచ్చే నెల తక్కువ అన్నట్లుగా ఉండే చోట్ల యాజమాన్యం ఈ ఏర్పాటుకే మొగ్గు చూపుతుంది. కాబట్టి ఎగుమతి సంస్థ సగటు జీతం ఎంత అన్న లెక్క, మీ మేనకోడలికి వచ్చే జీతం ఎంత అన్న ప్రశ్నకు సరిపోదు.

రెండోది చేతికి వచ్చేది. ఉదాహరణకు మొత్తం జీతం 18,000, అందులో పీఎఫ్ లెక్కకు వచ్చేది 15,000 అనుకుందాం. 12 శాతం చొప్పున 1,800 పీఎఫ్‌కు, 0.75 శాతం చొప్పున 135 ఈఎస్‌ఐకి, 150 వృత్తి పన్నుకు పోగా చేతికి 15,915 వస్తుంది. పక్కన ఏ ఆడిట్లూ లేని చిన్న షెడ్డులో 16,500 నగదు ఇస్తామంటే చాలామంది అదే ఎక్కువ అనుకుంటారు. కానీ మొదటి చోట యజమాని కూడా తన వంతుగా 1,800 పీఎఫ్‌కు, 585 ఈఎస్‌ఐకి కడుతున్నాడు. ఆ 1,800లో 1,250 పింఛను ఖాతాకు వెళుతుంది. ఇంట్లో అమ్మకో నాన్నకో ఆపరేషన్ అవసరమైన రోజున ఆ ఈఎస్‌ఐ కార్డు విలువ తెలుస్తుంది. విదేశీ కొనుగోలుదారు సరుకు పంపమనే ముందు మనిషిని పంపి చూసేది కూడా ఎక్కువగా ఈ కాగితాలే: వయసు రుజువులు, పీఎఫ్ చలానాలు, హాజరు పట్టీ, అగ్నిమాపక ద్వారానికి అడ్డంగా అట్టపెట్టెలు పెట్టారా లేదా అన్నది. ఎగుమతి వల్ల మా ప్రాంతంలో నిజంగా మెరుగుపడినది ఏదైనా ఉందంటే, జీతం అంకె కన్నా ఈ క్రమబద్ధతే అని నా అభిప్రాయం.

దీనికి మరో పక్క కూడా ఉంది. ఓవర్‌టైముకు చట్టం ప్రకారం రెట్టింపు కట్టాలి, కొనుగోలుదారుల నియమావళి వారానికి 60 గంటలు దాటనివ్వదు. దేశీయ సరుకు చేసే చోట ఓవర్‌టైము చేసి నెలకు మూడు నాలుగు వేలు అదనంగా తెచ్చుకున్నవాళ్లు ఎగుమతి యూనిట్‌కు మారి, గంటలు తగ్గిపోయి, జీతం పడిపోయిందని నా టేబుల్ దగ్గరకు వచ్చి నిలదీసిన సందర్భాలు ఉన్నాయి. వాళ్లకు గంట లెక్కన వేతనం పెరిగింది, నెల లెక్కన తగ్గింది; ఇంటి అద్దె మాత్రం నెల లెక్కనే కట్టాలి కదా.

ఉద్యోగాల సంఖ్యకు ఎగుమతి ఒక్కటే దారి కాదని కూడా గుర్తుంచుకోవాలి. శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ 2015లో షియోమీ ఫోన్ల అసెంబ్లీ మొదలుపెట్టినప్పుడు ఆ ఫోన్లు మన దేశంలో అమ్మడానికే తయారయ్యాయి. లైన్ల మీద దాదాపు అందరూ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలే. అక్కడ పని పుట్టింది ఎగుమతి వల్ల కాదు, అంతకుముందు దిగుమతి చేసుకుంటున్న వస్తువును ఇక్కడ బిగించడం వల్ల. కరకంబాడి నుంచి వెళ్లే అమర రాజా బ్యాటరీలు విదేశాలకూ వెళతాయి కానీ, వాటికి ప్రధాన విపణి మన దేశమే.

జవాబు: బంగారుపాళ్యం డ్రమ్ము

నేను ఒక చిన్న గుజ్జు యూనిట్‌కు లెక్కలు చూస్తాను, అందులో నాకు కొద్ది వాటా కూడా ఉంది. కాబట్టి యజమాని పక్షం మాటగానే దీన్ని తీసుకోండి.

పాఠకుడు గారి మెట్ల ఉదాహరణ బాగుంది కానీ ఒకచోట నాకు ఒప్పుదల లేదు. కాలినడకన కొండ ఎక్కాలని మొక్కుకున్న మనిషి ఆరు నెలల ముందు నుంచే రోజూ నడవడం మొదలుపెడతాడు. మేమూ అదే చేశాం. మొదటి కంటైనరు కదలడానికి ఏడాదిన్నర ముందే అసెప్టిక్ లైను (సూక్ష్మజీవులు చేరకుండా గుజ్జు నింపే ఏర్పాటు) వేశాం, ఆహార భద్రత ధ్రువపత్రానికి దరఖాస్తు చేశాం, మైక్రోబయాలజీ చదివిన అమ్మాయిని కృష్ణగిరి వైపు నుంచి పాతిక శాతం ఎక్కువ ఇస్తామని పిలిపించుకున్నాం. ఆ సంవత్సరం లెక్కల పుస్తకం తెరిచి చూసేవాడికి ‘ఈ ఫ్యాక్టరీ ఎగుమతి చేయక ముందే జీతాలు ఎక్కువ ఇస్తోంది, కనుక ఎగుమతి కారణం కాదు’ అనిపిస్తుంది. కానీ ఎగుమతి ఆలోచనే లేకపోతే ఆ అమ్మాయి మా దగ్గరకు వచ్చేదే కాదు. ముందు జరిగింది కాబట్టి కారణం వేరే అనడానికి లేదు.

ఇక డాలరు సంగతి. పూతలపట్టు గారూ, బెల్టు మీద ఆమె అడిగిన ప్రశ్న న్యాయమైనదే. డాలరు 90 దాటిన సంగతి మా కన్నా ముందు గల్ఫ్ కొనుగోలుదారుకు తెలుస్తుంది, మరుసటి బేరంలో టన్నుకు ఇన్ని డాలర్లు తగ్గించమంటాడు. డ్రమ్ము లోపల వేసే అసెప్టిక్ సంచి, యంత్రాల విడిభాగాలు, ఓడ కిరాయి అన్నీ డాలరుతోపాటు పెరుగుతాయి. మిగిలేదేమీ లేదని అబద్ధం చెప్పను, మిగులుతుంది. కానీ ఆ మిగిలింది కూలిగా మారాలంటే, ఇవ్వకపోతే మనుషులు పోతారనే భయం యజమానికి ఉండాలి. ల్యాబ్ అమ్మాయి పోతే మరొకరు దొరకడానికి సీజను గడిచిపోతుంది. బెల్టుకు మాత్రం చుట్టుపక్కల నాలుగు పల్లెల నుంచి తెల్లారేసరికి ఆటోలు వచ్చి ఆగుతాయి. ఎగుమతి ఫ్యాక్టరీ అయినా కాకపోయినా ఆ ఆటోలు అవే, అందులోని మనుషులు వాళ్లే.

అయినా బెల్టు పని ఎవరైనా చేసేదే అన్న మా నమ్మకం ఒకసారి గట్టిగా దెబ్బతిన్నది. రెండు సీజన్ల క్రితం ఒక కంటైనరు, అంటే 80 డ్రమ్ములు, సుమారు 17 టన్నుల గుజ్జు, అవతలి రేవులో నమూనా తీసినప్పుడు నల్ల చుక్కలు పరిమితికి మించి ఉన్నాయన్న కారణంతో ధరలో కోత పడింది. బ్రిక్స్, అంటే తీపి కొలత, సరిగ్గానే ఉంది, పులుపు సరిగ్గానే ఉంది, సూక్ష్మజీవుల పరీక్షలోనూ లోపం లేదు. ఆ తేదీల షిఫ్టు పట్టీ తిరగేస్తే, పాతవాళ్లు పెళ్లిళ్లకని మానేసిన నాలుగు రోజులు కొత్తవాళ్లు బెల్టు మీద ఉన్నారు. తొక్క మీద మచ్చ, తొడిమ దగ్గర నల్లబారిన భాగం చూసే కన్ను ఒక్క పూటలో రాదు. ఆ తరువాత మేము రోజు కూలి పెంచలేదు, కానీ సీజను చివరిదాకా నిలిచినవాళ్లకు రోజుల లెక్కన బోనసు పెట్టాం, ఒకామెను మేస్త్రీగా చేసి మిగతావాళ్ల పని చూసే బాధ్యత ఇచ్చాం. రోజు కూలి మాత్రమే చూస్తే మా దగ్గరా పక్క ఫ్యాక్టరీ దగ్గరా తేడా లేదనే అనిపిస్తుంది. మీ ఫ్యాక్టరీలో కూడా తిరస్కరణల పుస్తకం ఒకసారి తీసి, ఏ తేదీల్లో ఎవరు బెల్టు మీద ఉన్నారో సరిపోల్చి, ఆ కాగితంతో మేనేజర్ దగ్గరకు వెళ్లండి. ఊరికే కూలి పెంచమంటే వినని మనిషి కూడా కోత పడిన సొమ్ము పక్కన పెడితే వింటాడు.

ఉద్యోగం గట్టిదా అన్నదానికి మా పరిశ్రమ చెప్పే జవాబు వేరు. మాది నిండా మూడు నెలల పని. 2023 చివరి నుంచి ఎర్రసముద్రంలో ఓడల మీద దాడుల వల్ల యూరపు వెళ్లే ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగవలసి వచ్చి, కిరాయి, సమయం రెండూ పెరిగాయి. అంతకుముందు ఏడాది గుజ్జు గోదాముల్లో ఉండగానే 2025 సీజను వచ్చింది, గుజ్జుకు వాడే తోతాపురి మామిడి ధర కుప్పకూలింది. కిలోకు 12 రూపాయలు దక్కేలా ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలని ఏర్పాటు చేయవలసి వచ్చింది. కాయ ట్రాక్టర్లు ఫ్యాక్టరీల ముందు వరుస కట్టిన ఆ జూన్, జూలై నెలల్లో రైతు బాధ పత్రికల్లో వచ్చింది, అది రావలసినదే. టన్ను గుజ్జుకు సుమారు రెండు టన్నుల కాయ కావాలి కాబట్టి, మేము ఒక్క షిఫ్టు తగ్గిస్తే అవతల ర్యాంపు దగ్గర కాయ దించే హమాలీకి, ట్రాక్టరు డ్రైవరుకు, తోటలో కోతకు వెళ్లేవాళ్లకు కూడా పని తగ్గుతుంది. ఆ కూలి ఏ ఎగుమతి లెక్కలోనూ కనబడదు.

పూతలపట్టు షిఫ్టు:

అందరికీ కృతజ్ఞతలు. బంగారుపాళ్యం గారు చెప్పిన పుస్తకం నిన్న రాత్రి షిఫ్టులో తీసి చూశాను. మా దగ్గర తిరస్కరణ అని విడిగా రాయరు, ‘తిరిగి వడకట్టినవి’ అని రాస్తారు. పోయిన సీజనులో అలాంటి నమోదులు పదకొండు ఉంటే అందులో ఎనిమిది, బెల్టు మీద సగం మందికి పైగా కొత్తవాళ్లు ఉన్న రోజుల్లోవే. ఇంత తక్కువ లెక్కతో ఏదీ రుజువు కాదని పాఠకుడు గారు అంటారేమో, అయినా మేనేజర్‌కు చూపించదలచాను.

మేనకోడలి విషయంలో ఇంకా తేలలేదు. ఇప్పుడు చేరి, రెండేళ్ల తరువాత డిగ్రీ కడతానంటోంది.

జవాబు: అలిపిరి పాఠకుడు

పదకొండులో ఎనిమిది అన్నది రుజువు కాదు కానీ, అడగడానికి చాలినంత కారణం. ముందు జరిగింది కనుక కారణం వేరే అనలేమని బంగారుపాళ్యం గారు అన్నదీ సరైన అభ్యంతరమే. సన్నాహం కూడా ఎగుమతి ఖాతాలోకే రావాలి. ఈ చిక్కును తప్పించడానికే కొందరు ఈజిప్టులో తివాచీలు నేసే చిన్న మగ్గాలవాళ్లలో చీటీలు వేసి కొందరికి మాత్రమే విదేశీ ఆర్డర్లు ఇప్పించారు. ఎవరికి ఆర్డరు దక్కాలో వాళ్ల సామర్థ్యం కాక చీటీ నిర్ణయించింది కాబట్టి, తరువాత వచ్చిన తేడా ఎగుమతిదే. ఆర్డరు దక్కినవాళ్ల లాభాలు 16 నుంచి 26 శాతం పెరిగాయి, నేత నాణ్యత పెరిగింది. ఆ తరువాత అందరికీ ఒకే రకం తివాచీ నేయమని ఇస్తే, ఎగుమతి చేసినవాళ్లే అదనపు సమయం తీసుకోకుండా మెరుగ్గా నేశారు. అయితే అక్కడ మగ్గం యజమానే నేతగాడు, లాభమే కూలి. మీ బెల్టు దగ్గర ఆ రెండూ వేరు వేరు మనుషులవి.

అమ్మాయి చదువు గురించి ఒక్క విషయం చెప్పాలి. మెక్సికోలో ఎగుమతి ఫ్యాక్టరీలు వచ్చిన ఊళ్లలో కొత్తగా పుట్టిన ప్రతి 25 ఉద్యోగాలకు ఒక విద్యార్థి చొప్పున పన్నెండో తరగతి దాకా చదవకుండా తొమ్మిదితోనే ఆపేశారని ఒక అధ్యయనం తేల్చింది. మీ మేనకోడలు ఇంటర్ దాటింది కాబట్టి ఆ లెక్క ఆమెకు నేరుగా వర్తించదు. కానీ రెండేళ్ల తరువాత కడతానన్న ఫీజు చాలామంది కట్టలేదని ఉపాధ్యాయుడిగా నాకు తెలుసు. చేరేదే అయితే దూరవిద్యలో ఈ ఏడాదే పేరు నమోదు చేయించండి.

జవాబు: సత్యవేడు జీతాల లెక్క

అమ్మాయి చేరే ముందు గేటు దగ్గర హెచ్‌ఆర్‌ను అడగవలసినవి రాస్తున్నాను. నియామక పత్రం కంపెనీ లెటర్‌హెడ్ మీద ఇస్తారా, కాంట్రాక్టరు లెటర్‌హెడ్ మీదనా? పీఎఫ్ జమ చేసేది ఎవరి కోడ్ మీద? ఆర్డర్లు లేని నెలలో లైను ఆగితే జీతం సగమా, పూర్తా, ఏమీ లేదా? బస్సు ఊరి నుంచి ఎన్ని గంటలకు బయలుదేరుతుంది, తిరిగి ఎన్నింటికి దింపుతుంది? ఈ చివరి ప్రశ్నను అందరూ తేలిగ్గా తీసుకుంటారు. మా దగ్గర ఆరు గంటల షిఫ్టుకు వచ్చే ఒకమ్మాయి వరదయ్యపాళెం అవతలి నుంచి మూడున్నరకే లేచి బయలుదేరుతుంది. ఎనిమిది గంటల జీతానికి ఆమె ఇంటి బయట ఉండేది పన్నెండు గంటలు. దూరవిద్య పుస్తకం ఎప్పుడు తెరుస్తుందో కూడా ఆ బస్సు వేళను బట్టే తేలుతుంది.